భవీనా పటేల్ ఆట చూశాక వచ్చిన మూడు సందేహాలు: సర్వీసు, బల్ల కాళ్ళు, మొదలుపెట్టిన వయసు

లెక్కల మాస్టారు (ప్రశ్న)

నేను గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. ఆటల పీరియడులో మిగిలిన పిల్లలందరూ మైదానానికి వెళ్ళిపోతే, ఆ అమ్మాయి వరండాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటూ ఉంటుంది. స్టోర్ గదిలో మూలన పడి ఉన్న పాత టేబుల్ టెన్నిస్ బల్లను నెల క్రితం వరండాలోకి తెప్పించి, కాలేజీ రోజుల్లో నాకు వచ్చిన నాలుగు ముక్కలు ఆమెకు నేర్పడం మొదలుపెట్టాను. చేతివాటం బాగుంది, బంతి మీద చూపు నిలుస్తోంది. మాకు దారి చూపిస్తుందన్న ఆశతో, టోక్యో పారాలింపిక్స్‌లో రజతం గెలిచిన గుజరాత్ క్రీడాకారిణి భవీనా పటేల్ మ్యాచ్‌ల వీడియోలను ఇద్దరం కలిసి చూస్తున్నాము. చూసేకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

ఒకటి, సర్వీసు చేసిన బంతి అవతలి వైపు పడి పక్కగీత మీదుగా బయటికి పోతే అంపైరు పాయింటు ఇవ్వకుండా మళ్ళీ సర్వీసు చేయిస్తున్నారు. నాకు తెలిసిన ఆటలో అది కళ్ళు మూసుకుని ఇచ్చే పాయింటు. రెండు, మా బల్ల దగ్గర ఆ అమ్మాయి ముందుకు జరిగేసరికి కుర్చీ ఫుట్‌రెస్టు బల్ల కాలికి ఠంగున తగులుతోంది, ఇక అక్కడి నుంచి చేయి చాచినా నెట్ దగ్గర పడిన బంతి అందడం లేదు. మూడోది ఆటకు సంబంధించినది కాదు. ఆమె తండ్రిగారు, ఇలాంటివి ఐదారేళ్ళ వయసులో మొదలుపెట్టినవాళ్ళకే అబ్బుతాయి గాని పద్నాలుగేళ్ళు వచ్చాక ఏం లాభమండీ అంటున్నారు. భవీనా ఏ వయసులో మొదలుపెట్టారో, ఎలా పైకి వచ్చారో వివరంగా తెలిసినవారు చెబితే ఆయనకు చదివి వినిపిస్తాను.

పాత అంపైరు

మాస్టారూ, మీ మొదటి సందేహం తీరితే ఆటలో సగం అర్థమైనట్టే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. బంతిని అందుకునే వ్యక్తి చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు, సర్వీసు బంతి ఆమె వైపు బల్ల మీద పడ్డాక మూడు రకాలుగా ప్రవర్తిస్తే దానిని లెట్‌గా ప్రకటించి మళ్ళీ చేయిస్తారు. బల్ల తాకిన బంతి వెనక్కి తిరిగి నెట్ వైపు వెళ్ళడం మొదటిది, బల్ల మీదే ఆగిపోవడం రెండోది, సింగిల్స్‌లో పక్కగీతల మీదుగా బయటికి పోవడం మూడోది. అంటే సర్వీసు ఎప్పుడూ అవతలి వ్యక్తి వైపుకే, చివరిగీత మీదుగా వెళ్ళేలా పడాలి. నిలబడి ఆడేవారు ఒక అడుగు పక్కకు వేసి అందుకోగల బంతిని కూర్చున్నవారు అందుకోలేరు గనుక, ఈ నియమం లేకపోతే ప్రతి పాయింటూ సర్వీసుతోనే ముగిసిపోతుంది, ఆట అనేదే ఉండదు.

అయితే ఈ రక్షణ సర్వీసుకు మాత్రమే. బంతి ఒకసారి ఆటలో పడ్డాక పక్కలకు కోసినా, నెట్ పక్కన చుక్కలా వదిలినా, వెనక్కి తిరిగేలా స్పిన్ పెట్టినా పాయింటు పాయింటే. మీరు వీడియోలో చూసిన సూటి సర్వీసుల వెనుక ఉన్న లెక్క ఇదే: సర్వీసుతో గెలవడానికి వీల్లేదు కాబట్టి, తిరిగి వచ్చే రెండో బంతిని ఎక్కడ కోయాలో ముందే అనుకుని సర్వీసు చేస్తారు.

బల్ల సంగతికి వస్తాను. చక్రాల కుర్చీ ఆటకు వాడే బల్ల కాళ్ళు చివరిగీత నుంచి కనీసం 40 సెంటీమీటర్లు లోపలికి ఉండాలని నియమం. మీ పాత బల్ల కాళ్ళు అంచుకు దగ్గరగా ఉండి ఉంటాయి. పైపలకను, కాళ్ళ చట్రాన్ని విడదీయగలిగితే వడ్రంగితో చట్రాన్ని లోపలికి జరిపించండి, ఎత్తు మాత్రం 76 సెంటీమీటర్లకు తగ్గకుండా, పెరగకుండా చూసుకోండి. పోటీల్లో ఈ ఆటకు 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు స్థలం సరిపోతుంది, గచ్చు నేల అయినా ఫరవాలేదు, కాబట్టి మీ వరండా వెడల్పు ఒక్కటే కొలుచుకోండి.

ఇప్పటినుంచే అలవాటు చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆట నడుస్తున్నప్పుడు పాదం గాని ఫుట్‌రెస్టు గాని నేలకు తగిలితే పాయింటు పోతుంది. బంతిని కొట్టేటప్పుడు తొడ వెనుకభాగం సీటును గాని దిండును గాని తాకి ఉండాలి, పైకి లేచి కొట్టకూడదు. బంతిని కొట్టకముందు ఏ చేయీ బల్లను తాకకూడదు. కొట్టాక తూలిపోతే బ్యాటు పట్టిన చేతిని బల్ల మీద ఆనించుకోవచ్చు గాని, ఖాళీ చేయి మాత్రం ఆటంతటిలో ఎప్పుడూ బల్ల పైభాగాన్ని తాకకూడదు. వైకల్యాన్ని బట్టి ఆటగాళ్ళను వర్గాలుగా విడదీసే వర్గీకరణలో ప్రత్యేకంగా అనుమతించిన సందర్భాల్లో తప్ప, మోకాళ్ళకు పైన ఉన్న శరీరభాగాన్ని కుర్చీకి కట్టుకోవడమూ కుదరదు. మొదట్లో వీటిని పట్టించుకోకుండా వదిలేస్తే, తరువాత మాన్పించడానికి రెట్టింపు కాలం పడుతుంది.

సబర్మతి ఒడ్డున

నేను పదిహేనేళ్ళుగా అహ్మదాబాదులో ఉంటున్నాను. ఇక్కడి పత్రికలు భవీనా గురించి ఎన్నోసార్లు రాశాయి కాబట్టి మూడో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ముందుగా ఆ తండ్రిగారికి చెప్పవలసిన మాట: ఆమె ఐదారేళ్ళకు కాదు, ఇరవై ఏళ్ళకు అటూ ఇటూగా బ్యాటు పట్టారు.

ఆమె 1986 నవంబరు 6న మెహసాణా జిల్లా వడ్‌నగర్ దగ్గరి సుంఢియా గ్రామంలో పుట్టారు. తండ్రి హస్ముఖ్‌భాయికి ఊళ్ళో చిన్న దుకాణం ఉండేది, ఐదుగురున్న కుటుంబానికి ఆ సంపాదనే ఆధారం. ఏడాది నిండేసరికి పోలియో సోకింది. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఎరగని విషయం ఒకటి ఉంది. ఆమె నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు శస్త్రచికిత్స కోసం విశాఖపట్నం తీసుకువెళ్ళారు. ఆ రోజుల్లో ఉత్తర గుజరాత్‌లోని ఒక పల్లె నుంచి, చిన్న దుకాణం మీద బతికే మనిషి, నడవలేని కూతురిని వెంటబెట్టుకుని దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకు రైల్లో రావడమంటే ఎంత ఖర్చో, ఎన్ని రోజులు దుకాణం మూసుకోవాలో ఆలోచించండి. చికిత్స తరువాత చేయవలసిన వ్యాయామాల మీద తాను శ్రద్ధ పెట్టలేదని ఆమే తరువాత చెప్పుకున్నారు. ఆశించిన ఫలితం దక్కలేదు, కుర్చీయే మిగిలింది.

పన్నెండో తరగతి దాకా ఊళ్ళోనే చదివారు. 2004 ప్రాంతంలో తండ్రి ఆమెను అహ్మదాబాదులోని బ్లైండ్ పీపుల్స్ అసోసియేషన్‌లో చేర్పించారు. పేరు చూసి అంధులకు మాత్రమే అనుకోవద్దు, ఇతర వైకల్యాలు ఉన్నవారికి కూడా అక్కడ వృత్తి శిక్షణ ఇస్తారు. ఆమె వచ్చింది కంప్యూటర్ కోర్సుకు, ఆటకు కాదు. దానితో పాటే గుజరాత్ విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశారు. ఆ సంస్థలో సాయంత్రాలు కొందరు టేబుల్ టెన్నిస్ ఆడుతూ ఉంటే ఈమె కాలక్షేపానికి చేరారు, కోచ్ లలన్ దోషి కంట పడ్డారు. ఆయన శిక్షణలోనే అంతర్జాతీయ స్థాయికి చేరారు.

2011లో థాయ్‌లాండ్ ఓపెన్‌లో రజతం గెలిచి తన వర్గంలో ప్రపంచ రెండో ర్యాంకుకు చేరారు. 2013లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో రజతం, 2017లో అదే నగరంలో కాంస్యం వచ్చాయి. 2016 రియో పారాలింపిక్స్‌కు అర్హత సంపాదించి కూడా సాంకేతిక కారణాల వల్ల వెళ్ళలేకపోయారు. ఉద్యోగుల రాజ్య బీమా సంస్థలో (ఈఎస్‌ఐసీ) ఉద్యోగం వచ్చింది, 2017లో నికుల్ పటేల్‌తో వివాహమైంది. లాక్‌డౌన్ కాలంలో బయటికి వెళ్ళే వీలు లేక, ఎదురుగా ఆడే మనిషి లేక, బంతులు విసిరే రోబో యంత్రాన్ని ఇంట్లో పెట్టుకుని సాధన చేశారు. ఆ యంత్రం, మెరుగైన కుర్చీ ప్రభుత్వ క్రీడా పథకం కింద అందాయి.

ఇక టోక్యో. అక్కడికి వెళ్ళేసరికి ఆమెకు 34 ఏళ్ళు. 2021 ఆగస్టు 29న ఫైనల్ ఆడి, భారత్‌కు పారాలింపిక్స్ టేబుల్ టెన్నిస్‌లో తొలి పతకం తెచ్చారు. దీపా మాలిక్ తరువాత పారాలింపిక్ పతకం సాధించిన రెండో భారతీయ మహిళ ఈమె. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నైజీరియా క్రీడాకారిణి ఇక్పెయోయిని 12-10, 11-2, 11-9తో ఓడించి స్వర్ణం అందుకున్నారు. వయసు మించిపోయిందనే మాటకు ఇంతకన్నా వేరే జవాబు నాకు తెలియదు.

కూర్చునే ఆడతాను

నేను హైదరాబాదులో మూడో వర్గంలో ఆడతాను. పైవారు చెప్పిన జీవిత చరిత్ర బాగుంది గాని, అందులో ఒక లోటు కనిపించింది. పోలియో, పల్లె, పతకం అని వరుసగా చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆమె ఆట ఎక్కడా కనబడదు. మమ్మల్ని చూసి స్ఫూర్తి పొందామని చెప్పేవారు చాలామందే ఉన్నారు, మా బ్యాక్‌హ్యాండ్ ఎలా ఉందో చెప్పేవారు తక్కువ. కాబట్టి ఆట గురించి రాస్తాను.

కూర్చుని ఆడేవారిని ఒకటి నుంచి ఐదు వర్గాలుగా, నిలబడి ఆడేవారిని ఆరు నుంచి పది వర్గాలుగా విభజిస్తారు. పదకొండోది మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది. అంకె పెరిగేకొద్దీ శరీరం మీద పట్టు ఎక్కువ. ఒకటి, రెండు వర్గాల్లో చేతిలో కూడా బలం తక్కువ ఉంటుంది కనుక బ్యాటును చేతికి పట్టీతో కట్టుకుని ఆడేవారు కనిపిస్తారు. మా మూడో వర్గంలో చేతులు బాగుంటాయి, నడుము నిలవదు. భవీనాది నాలుగో వర్గం: నడుము కొంత నిలుస్తుంది గాని కటిభాగానికి గట్టి ఆధారం ఉండదు, అందువల్ల ముందుకు వంగితే వెనక్కి రావడానికి మరో ఆసరా కావాలి. ఐదో వర్గంవారు ఒంటిని స్వేచ్ఛగా తిప్పగలరు.

ఆమె వీడియోను మరొకసారి పెట్టి, బంతిని వదిలేసి ఎడమచేతిని మాత్రమే చూడండి. నెట్ దగ్గర పడిన బంతి కోసం కుడిచేయి ముందుకు వెళ్ళిన ప్రతిసారీ ఎడమచేయి కుర్చీని పట్టుకుని ఒంటిని వెనక్కి లాగుతుంది. చూసేవారికి ఒక చేతి ఆటలా ఉంటుంది గాని, ఇది రెండు చేతుల ఆట. నాకు కోచ్ మొదటి రెండు నెలలూ బంతే ఇవ్వలేదు, ముందుకు వంగడం, లాక్కుని రావడం మాత్రమే చేయించారు. అప్పుడు విసుక్కున్నాను, ఆయన చేసింది సరైనదని మొదటి టోర్నమెంటులో తెలిసింది.

కూర్చున్నవారి కళ్ళు బల్లకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, బంతి ఎంత లోతుగా వస్తోందో అంచనా వేయడం నిలబడినవారికన్నా కష్టం. చివరిగీతకు అంగుళం ఇవతల పడి వేగంగా పైకి లేచే బంతి నేరుగా రొమ్ము మీదికి వస్తుంది, మోచేతిని మడవడానికి చోటుండదు. నిలబడినవారు ఒక అడుగు వెనక్కి వేస్తారు, మేము వేయలేము. అందుకే మా ఆటంతా రెండు చోట్ల నడుస్తుంది: ఒకటి ఎదుటివారి రొమ్ముకు ఎదురుగా ఉండే లోతు, రెండోది నెట్ పక్కన అందని మూల. లోతుగా రెండు బంతులు వేసి, మూడోది నెట్ దగ్గర వదలడం మా అందరి పాఠం. భవీనాకు ఇతరులకన్నా తేడా ఎక్కడ ఉందంటే, మూడోది వదలడానికి ఆమె తొందరపడదు. నాలుగు, ఐదు, ఆరు లోతు బంతులు వేసి, అవతలివారు విసుగెత్తి తొందరపడేదాకా ఆగుతుంది.

టోక్యోలో ఆమె ఆడిన ఆరు మ్యాచ్‌లలో నాకు నచ్చినది ఫైనల్ కాదు, సెమీఫైనల్ కూడా కాదు. మొదటి రోజు గ్రూపులో చైనాకు చెందిన ఝౌ యింగ్ చేతిలో 3-11, 9-11, 2-11తో ఓడిపోయారు. ఝౌ యింగ్ బీజింగ్, లండన్ పారాలింపిక్స్ రెండింటిలోనూ ఈ వర్గం సింగిల్స్ విజేత. మరునాడు బ్రిటన్ క్రీడాకారిణి మెగన్ షాకిల్టన్‌తో మ్యాచ్, ఓడితే ఇంటికే. మొదటి గేమ్ 11-7తో గెలిచి, రెండోది 9-11తో పోగొట్టుకున్నారు. మూడో గేమ్ 17-15 దాకా సాగింది. పది-పది అయ్యాక ఒక్కో సర్వీసు మారుతూ, ఎవరికీ రెండు పాయింట్ల తేడా రాకుండా అంత దూరం పోవడమంటే, కూర్చున్నవారికి నడుము ఎంత అలసిపోతుందో ఆడినవారికే తెలుస్తుంది. నాలుగోది 13-11. ఆ గేమ్ చేజారి ఉంటే తరువాతి రోజులు ఉండేవే కావు. ఆపైన బ్రెజిల్‌కు చెందిన జాయిస్ డి ఒలివేరాను, ఆ తరువాత రియో స్వర్ణ విజేత, సెర్బియాకు చెందిన బొరిస్లావా పెరిచ్ రాంకోవిచ్‌ను 11-5, 11-6, 11-7తో ఓడించారు. సెమీస్‌లో, అంతకుముందు తాను ఎన్నడూ ఓడించలేకపోయిన ఝాంగ్ మియావో మీద 7-11, 11-7, 11-4, 9-11, 11-8తో గెలిచారు.

ఫైనల్లో మళ్ళీ ఝౌ యింగే ఎదురయ్యారు, 19 నిమిషాల్లో 7-11, 5-11, 6-11తో ముగిసింది. దీనిని కూడా దాచకుండా చెప్పాలి. ఝౌ యింగ్ బంతి వేగం ఎక్కువ, అంతకు మించి ఆమె భవీనా ఓపికకు చోటివ్వదు, రెండో బంతికే మూలకు కోస్తుంది. 2024 పారిస్‌లో క్వార్టర్ ఫైనల్లో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. భవీనా 12-14, 9-11, 11-8, 6-11తో ఓడిపోయారు. పతకం రాలేదు కాబట్టి ఆ మ్యాచ్ గురించి మన పత్రికలు రెండు వాక్యాలు రాసి వదిలేశాయి. నా దృష్టిలో ఝౌ యింగ్ మీద ఆమె మెరుగ్గా ఆడింది ఆ రోజే. మొదటి గేమ్‌లో పన్నెండు దాకా లాగిన మనిషి, మూడేళ్ళ క్రితం అదే ప్రత్యర్థి మీద రెండు పాయింట్లకే ఒక గేమ్ ముగించుకున్న మనిషే. అప్పటికి ఆమెకు 37 ఏళ్ళు. మాస్టారూ, ఆ తండ్రిగారికి పతకం వార్త కాదు, ఈ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టి చూపించండి.

లెక్కల మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. జరిగినది చెబుతాను. వడ్రంగి వచ్చి చట్రాన్ని జరిపాడు, ఇప్పుడు చివరిగీత నుంచి కాలికి 43 సెంటీమీటర్లు ఉంది. కుర్చీ లోపలిదాకా వెళుతోంది, ఫుట్‌రెస్టు తగలడం లేదు. స్కోర్ల మాట విన్నాక తండ్రిగారు వెంటనే ఏమీ అనలేదు గాని, విశాఖపట్నం సంగతి మాత్రం మళ్ళీ చదవమన్నారు. వాళ్ళు కూడా కూతురిని రెండు ఊళ్ళ ఆసుపత్రులకు తిప్పి వచ్చినవారే.

నిన్న ఆ అమ్మాయి చేత ఇరవై సర్వీసులు చేయించి లెక్క రాశాను. పదకొండు చివరిగీత మీదుగా వెళ్ళాయి, ఏడు పక్కలకు పోయాయి, రెండు నెట్‌కు తగిలాయి. ఇన్నాళ్ళూ పక్కలకు పోయిన వాటికి శభాష్ అంటూ వచ్చింది నేనే. ఎడమచేత్తో కుర్చీని పట్టుకోవడం చెబితే వెంటనే అందుకుంది. ఒక ఇబ్బంది మిగిలింది. బల్ల ఆమె రొమ్ము ఎత్తుకు వస్తోంది, మోచేయి పైకి లేపి కొట్టవలసి వస్తోంది. కింద దిండు వేయవచ్చునా, వేస్తే ఎంత ఎత్తు వేయాలి?

పాత అంపైరు

వేయవచ్చు. నిబంధనల ప్రకారం రెండు దిండ్ల వరకు అనుమతి ఉంది, ఆడే స్థితిలో రెండూ కలిపి 15 సెంటీమీటర్లు మించకూడదు.

కూర్చునే ఆడతాను

అనుమతి ఉంది కదా అని మొదటి రోజే పదిహేనూ వేయకండి. ఎత్తు పెరిగేకొద్దీ చేయి బాగా ఆడుతుంది, కాని కూర్చున్న చోటు మెత్తబడి నడుము నిలకడ తగ్గుతుంది. ఐదు సెంటీమీటర్ల గట్టి దిండు ఒకటి వేసి, ముందుకు వంగి ఎడమచేత్తో లాక్కుని రావడం ఇరవైసార్లు చేయించండి. తూలకుండా వస్తే మరుసటి వారం మరో రెండు సెంటీమీటర్లు పెంచి చూడండి. పాదాలు ఫుట్‌రెస్టు మీద ఆనకుండా వేలాడితే ఫుట్‌రెస్టును కూడా అంతే పైకి బిగించాలి, దీనిని చాలామంది మరచిపోతారు. గంటకు ఒకసారి ఒత్తిడి తగ్గేలా పక్కకు వాలి కూర్చోమనండి, చర్మం ఒరుసుకుపోతే నెలరోజులు ఆట ఆగిపోతుంది. ఇరవై సర్వీసుల లెక్క మాత్రం మానకుండా రాస్తూ ఉండండి, వచ్చే నెల ఆ పదకొండు ఎంత అయిందో ఇక్కడ చెప్పండి.